మట్టికీ రాతికీ నడుమ: వరంగల్ మొరంలో పైలు పునాదుల సామర్థ్య నిర్ధారణ

ఓరుగల్లుకు ఏకశిలానగరమనే పేరున్నా, ఆ నేలలో బోరు వేసే ఇంజనీరుకు మొదట ఎదురయ్యేది ఏకశిల కాదు. పైన ఎర్రచెల్క లేదా నల్లరేగడి, దాని కింద మొరం, మరింత లోతున పలుగుకు లొంగీ లొంగని శిథిల గ్రానైటు, చివరకు గట్టి రాయి. వీటి మధ్య స్పష్టమైన హద్దు ఉండదు. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ క్రమంగా బంకమన్నుగా మారగా క్వార్ట్జ్ రేణువులు మిగిలిపోతాయి. అందువల్ల ఆ పదార్థం చూపుకు రాయి, చేత నలిపితే ఇసుక.

ఇటువంటి మధ్యస్థ పదార్థానికి ఓనీల్, రీస్ 1999లో హద్దులు సూచించారు: బంధకశక్తి గలదైతే ఏకాక్ష సంపీడన బలం 0.5 నుండి 5 మెగాపాస్కల్‌లు, రేణుమయమైతే ఎస్.పి.టి. విలువ 50 నుండి 100. చిక్కంతా కొలతలోనే ఉంది. చెదరని మట్టి నమూనా తీయడానికి ఇది మరీ గట్టిది. రాతి కోరు తీయబోతే పొడిపొడి అవుతుంది. మిగిలేది ఎస్.పి.టి. ఒక్కటే. 63.5 కిలోల సుత్తి 75 సెం.మీ. ఎత్తు నుండి 50 సార్లు పడినా గొట్టం 8 సెం.మీ. మాత్రమే దిగిందనుకుంటే, 30 సెం.మీ.లకు లెక్కగట్టిన విలువ సుమారు 188. కోరు లభించని చోట ఇటువంటి పొడిగింపును ఐ.ఆర్.సి. 78 అనుమతిస్తుంది. అయితే మిగిలిన 22 సెం.మీ. కూడా మొదటి 8 సెం.మీ. వంటిదేనన్న ఊహ దీని వెనుక ఉంది. గొట్టం మొనకు ఒక్క పలుగురాయి తగిలినా ఆ ఊహ చెల్లదు.

ఊహ తప్పితే వచ్చే తేడా చిన్నది కాదు. 600 మి.మీ. వ్యాసం గల పైలు ఈ పొరలో 4 మీటర్లు దిగితే పార్శ్వ వైశాల్యం సుమారు 7.5 చ.మీ. మట్టిగా భావించి చదరపు మీటరుకు 50 కిలోన్యూటన్‌ల ఘర్షణ తీసుకుంటే చరమ పార్శ్వ నిరోధం 377 కిలోన్యూటన్‌లు; మెత్తని రాయిగా భావించి 200 తీసుకుంటే 1508. మొదటిది కాంక్రీటును వృథా చేస్తుంది, రెండవది భద్రతను హరిస్తుంది.

శిథిల గ్రానైటులో అరగక మిగిలిన గుండ్లు మరొక ప్రమాదం. గుండుపై ఆగిన బోరును శిలపై ఆగినట్లు నమోదు చేయడం సులభం. బోరు అడుగున పేరుకున్న బురదను శుభ్రం చేయకుంటే, లెక్కలో చూపిన మొన నిరోధం కాగితంపైనే మిగులుతుంది.

కనుక భార పరీక్షే ఆధారం. ఐ.ఎస్. 2911 నాలుగవ భాగం ప్రకారం 600 మి.మీ. వరకు వ్యాసం గల పైలుకు, 12 మి.మీ. కుంగుబాటు కలిగించిన భారంలో మూడింట రెండు వంతులు, వ్యాసంలో పదవ వంతు కుంగుబాటు కలిగించిన భారంలో సగం, ఈ రెండింటిలో తక్కువది సురక్షిత భారం. కానీ ఈ పరీక్ష చెప్పేది పైలు తల వద్ద మొత్తం ఎంతో మాత్రమే. పార్శ్వ ఘర్షణ కొద్ది మిల్లీమీటర్ల కదలికకే మేల్కొంటుంది. మొన నిరోధానికి అంతకన్నా ఎక్కువ కుంగుబాటు కావాలి. పొరల హద్దుల వద్ద స్ట్రెయిన్ గేజ్‌లు అమర్చితేనే ఏ పొర ఎంత మోస్తున్నదో తెలుస్తుంది. ఆ విభజన తెలియనిదే, మొరం మందం మారిన పక్క స్థలానికి ఆ ఫలితాన్ని అన్వయించడం కుదరదు.