మార్కాపురం ఎండలో లిథియం పెట్టె

మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఎలక్ట్రిక్ స్కూటర్ కొనబోయేవాళ్లు ధర అడుగుతారు, ఒక్క చార్జింగుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందో అడుగుతారు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, ‘‘అది పేలుద్దంట గదా?’’ అంటారు.

ఆ భయానికి 2022లో గట్టి కారణాలే దొరికాయి. మార్చి 26న పుణెలో ఆపి ఉంచిన స్కూటర్ ఒకటి పొగలు కక్కుతూ తగలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ వీడియోను దేశమంతా చూసింది. అదే సమయంలో వేలూరులో చార్జింగ్‌లో ఉన్న బండి అంటుకుని, పొగకు ఊపిరాడక తండ్రీకూతుళ్లు చనిపోయారు. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో రాత్రిపూట ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన, 23న విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఆ ఇంటి యజమాని ప్రాణాలు పోగొట్టుకున్నారు. సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఈ-స్కూటర్ల షోరూంలో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మందిని బలి తీసుకుంది.

ఈ చావుల్లో ఒక్కటి కూడా రోడ్డు మీద జరగలేదు. ఏ బండీ దేన్నీ గుద్దలేదు. అన్నీ నాలుగు గోడల మధ్యే జరిగాయి. ‘పేలిన స్కూటర్’ అన్న పతాక శీర్షిక కింద ఈ సంగతి మరుగున పడిపోయింది.

లిథియం బ్యాటరీకి నిప్పుతో గొడవ పుట్టుకతోనే ఉంది. 1970ల్లో అమెరికాలో స్టాన్లీ విటింగమ్ లోహ రూపంలోని లిథియంతో బ్యాటరీ తయారు చేశాడు. చార్జింగ్ పెట్టిన ప్రతిసారీ లోపల సూదుల్లాంటి లిథియం మొలకలు పెరిగి, అవతలి కొసను తాకి, షార్ట్ సర్క్యూట్ అయ్యేది. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ కోబాల్ట్ ఆక్సైడ్‌తో బ్యాటరీ శక్తిని పెంచాడు. 1985లో జపాన్‌కు చెందిన అకిరా యొషినో లోహ లిథియాన్ని పూర్తిగా తీసేసి, దాని చోట కార్బన్ పెట్టాడు. పాతరకం బ్యాటరీ మీదా, తన కొత్త బ్యాటరీ మీదా ఇనప దిమ్మ పడేసి చూశాడు. పాతది భగ్గుమంది, కొత్తది మండలేదు. 1989లో లోహ లిథియం బ్యాటరీలున్న ఫోన్లకు జపాన్‌లో నిప్పంటుకుని వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చాక, అందరి చూపూ యొషినో దారి మీద పడింది. 1991లో సోనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. 2019లో ఆ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

స్కూటర్ బ్యాటరీ పెట్టె విప్పితే లోపల పెన్‌టార్చి సెల్లు కంటే కాస్త లావుపాటి సెల్లులు వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. బాగా వాడుకలో ఉన్న రకం 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. సెల్లులను కలుపుతూ సన్నటి నికెల్ పట్టీలుంటాయి. పక్కనే వేడినీ వోల్టేజీనీ కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ బోర్డు ఉంటుంది. దాన్నే బీఎంఎస్ అంటారు. ఒక్కో సెల్లును కోస్తే మార్కాపురం పలకరాయిలా అన్నీ పొరలే: రాగి రేకు, అల్యూమినియం రేకు, రెండూ తగలకుండా మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొర, వాటిని తడిపి ఉంచే మండే ద్రవం.

ఆ ప్లాస్టిక్ పొర సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది కరిగితే రేకులు రెండూ కలుస్తాయి, వేడి ఇంకా పెరుగుతుంది. చాలా రకాల సెల్లుల్లో ఆ వేడికి లోపలి ఆక్సైడే ఆక్సిజన్ వదులుతుంది. అందుకే గోనెసంచి కప్పినంత మాత్రాన ఆ మంట ఆరదు. ఒక సెల్లు వేడి పక్క సెల్లుకు పాకుతుంది. ఆరిందనుకున్న పెట్టె గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు. 1990ల్లో గుడినఫ్ బృందమే కనిపెట్టిన ఐరన్ ఫాస్ఫేట్ రకం ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా వదలదు. బరువుకు తగ్గ శక్తి కొంచెం తక్కువైనా నిప్పు విషయంలో అదే నిదానం.

ఇప్పుడు మార్కాపురం ప్రాంతం సంగతికి వద్దాం. మామూలు లిథియం సెల్లును సున్నా నుంచి 45 డిగ్రీల లోపే చార్జ్ చేయాలని తయారీదారులు చెబుతారు. మార్కాపురంలో మే నెల ఎండే 45 దాటే రోజులుంటాయి. నల్లమల ఘాట్ ఎక్కి వచ్చిన బండి సంగతి చెప్పనక్కర్లేదు. ఎక్కుడులో మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. అలా కాలిపోతున్న పెట్టెను ఇంటికి రాగానే ప్లగ్గులో పెట్టడమంటే బీఎంఎస్ సక్రమంగా పనిచేస్తుందన్న ఒక్క నమ్మకం మీద ఇల్లంతటినీ వదిలేయడమే. మంచి బీఎంఎస్ వేడి తగ్గేదాకా చార్జింగ్ ఆపేస్తుంది. నాసిరకం పెట్టెకూ, కంపెనీది కాని చార్జరుకూ ఆ భరోసా లేదు.

2022 ప్రమాదాల తర్వాత ప్రభుత్వం ఈ బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసింది. మొదటి దశ ఆ ఏడాది డిసెంబరు 1న, రెండోది 2023 మార్చి 31న అమల్లోకి వచ్చాయి. సెల్లుల మధ్య ఎడం, లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి, నీరు చొరబడని పెట్టె, ఒక సెల్లు మంట పక్కదానికి పాకుతుందా అని చూసే పరీక్ష తప్పనిసరయ్యాయి.

మరి పెట్రోలు బండి భద్రమా? స్వీడన్ అధికారుల లెక్క ప్రకారం 2022లో అక్కడ 6,11,000 విద్యుత్, హైబ్రిడ్ కార్లలో 23 తగలబడ్డాయి, 44 లక్షల పెట్రోలు, డీజిలు కార్లలో ఏటా సగటున సుమారు 3,400 తగలబడుతున్నాయి. మనకు స్వీడన్ దాకా కూడా అక్కర్లేదు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర 45 మందిని పొట్టన పెట్టుకున్నది డీజిలు బస్సే. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర కాలిపోయిందీ డీజిలు బస్సే. ఆ రెండుసార్లూ ‘డీజిలు పేలుద్దంట గదా’ అని ఎవరూ బస్సెక్కడం మానలేదు. పాత ప్రమాదం అలవాటైపోతుంది, కొత్తది వార్తవుతుంది.

అలవాటైనదాని లెక్క చూడండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో హెల్మెట్ లేనివాళ్లే 50,029 మంది. కంభం మీదుగా పోయే అనంతపురం-గుంటూరు హైవే మీద తల పగిలి పోయిన మనిషికి జిల్లా పేజీలో నాలుగు లైన్లు దక్కితే ఎక్కువ. కాలిన స్కూటర్ మాత్రం సాయంత్రందాకా టీవీలో మండుతూనే ఉంటుంది.

కాలిన బండిని చూపించొద్దని కాదు, చూపించేటప్పుడు నాలుగు ముక్కలు అడిగి చెప్పమనే. బండి నడుస్తోందా, చార్జింగ్‌లో ఉందా? చార్జరు కంపెనీదేనా? బ్యాటరీ ఏ రకం, కొత్త ప్రమాణాలకు ముందుదా తర్వాతదా? బయటికి పోయే దారికి అది అడ్డంగా ఉందా? వీటికి జవాబులుంటే ఆ వార్త చదివిన గిద్దలూరు మనిషి స్కూటర్ కొనడం మానుకోడు. కొన్నాక బ్యాటరీని గంటసేపు నీడలో చల్లారనిచ్చి, పడకగదిలో కాకుండా ఆరుబయట వసారాలో, మెలకువగా ఉన్న వేళ చార్జింగ్ పెట్టుకుంటాడు. బజారుకు పోయేటప్పుడు హెల్మెట్ కూడా పెట్టుకుంటే సగం చావుభయం తప్పినట్టే.