మీకు తెలుసా? కొబ్బరినూనెలో కొబ్బరినూనే మునుగుతుంది!

గడ్డకట్టిన కొబ్బరినూనె ముక్కను కరిగిన కొబ్బరినూనెలో వేస్తే తేలదు, నేరుగా అడుగుకు పోతుంది.

నీళ్లలో మంచు ముక్క తేలడం రోజూ చూసే మనకు ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి వింత నూనెది కాదు, నీళ్లదే! చాలా పదార్థాలు గడ్డకట్టినప్పుడు కుంచించుకుపోతాయి, సాంద్రత పెరుగుతుంది. అచ్చులో పోసిన మైనం ఆరాక నడుమ గుంట పడేది అందుకే. నీళ్లు మాత్రం ఉబ్బుతాయి. 11 గ్లాసుల నీళ్లు గడ్డకడితే దాదాపు 12 గ్లాసుల చోటు కావాలి. మూత బిగించి నిండా నింపిన గాజు సీసా ఫ్రీజర్‌లో పగిలిపోవడం తెలిసిందే కదా. నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము, మంచుది సుమారు 0.917 గ్రాములు. కాబట్టే తేలే మంచు ముక్కలో రమారమి పన్నెండో వంతే నీటి పైన కనిపిస్తుంది.

‘బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి’ అనే తొమ్మిదో తరగతి పిల్లల ముందు ఓ గ్లాసు వంటనూనె పెట్టి, అందులో మంచు ముక్క వేయండి. రెండింటి సాంద్రతా ఇంచుమించు ఒకటే కావడంతో ముక్క తేలీ తేలనట్టు ఊగిసలాడుతుంది. అది కరిగే కొద్దీ గుండ్రటి నీటి బొట్టు ఒక్కొక్కటే విడివడి, నూనెలోంచి మెల్లగా అడుగుకు జారుతుంది. మంచూ నీరే, బొట్టూ నీరే. పిల్లల్ని ఆ బొట్టు దగ్గరే ఆపి, ఎందుకు మునిగిందో అడగండి.