చెరిపిన పేర్లు.. చెరగని పేగుబంధం
కెనడా మూలవాసీ తల్లుల అదృశ్యం, వారి జాడ వెతుకుతున్న దత్తపుత్రికలు

ఒక స్త్రీ ఇంటికి తిరిగి రాకపోతే ముందుగా ఎవరు కలత చెందుతారు? ఆమె పిల్లలు. పోలీసు ఠాణా మెట్లు ఎక్కేదీ, ఊరూరా ఫోటో పట్టుకుని తిరిగేదీ, ఏళ్లు గడిచినా ఆ విషయాన్ని మరుగున పడనివ్వనిదీ వారే. మరి ఆ పిల్లలను ప్రభుత్వమే అంతకు ముందే తీసుకువెళ్లి, పేర్లు మార్చి, వేల మైళ్ల దూరంలో ఎవరికో దత్తత ఇచ్చివేసి ఉంటే? ఆ తల్లి అదృశ్యమైన నాడు ఆమె కోసం తలుపు తట్టేదెవరు?

ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. కెనడాలోని మూలవాసీ సమాజాలు దశాబ్దాలుగా మోస్తున్న గాయం. అక్కడ శ్వేతజాతి కుటుంబాలలో పెరిగిన వేలాదిమంది మూలవాసీ బిడ్డలు నేడు యాభై, అరవై ఏళ్ల వయసుకు చేరుకున్నారు. వారిలో కొందరు స్త్రీలు తమను కన్నతల్లి ఎవరో తెలుసుకోవాలని బయలుదేరి, చివరకు ఆమె పేరును అదృశ్యమైన వారి జాబితాలోనో, హతుల జాబితాలోనో చూడవలసి వచ్చింది. తల్లి నుండి బిడ్డను వేరుచేసినదీ, ఆ తల్లి కనిపించకుండా పోతే పట్టించుకోనిదీ ఒకే దురభిప్రాయమని ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చదివితే అర్థమవుతుంది.

బడి నుండి దత్తత దాకా

కెనడా ప్రభుత్వం మూలవాసీ పిల్లలను తమ భాషకు, ఆచారాలకు దూరం చేయడానికి మొదట ఎంచుకున్న మార్గం వసతి పాఠశాలలు. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ సమాజాలకు చెందిన లక్షా యాభై వేల మందికి పైగా పిల్లలను వాటిలో చేర్చారు. వాటిలో చివరిది 1990వ దశకంలో గాని మూతపడలేదు.

1951లో ‘ఇండియన్ చట్టాని’కి ఒక సవరణ జరిగింది. మూలవాసులకు కేటాయించిన రిజర్వు ప్రాంతాలలో కూడా రాష్ట్రాల చట్టాలు వర్తించేందుకు అది మార్గం తెరిచింది. దానితో రాష్ట్రాల శిశు సంక్షేమ శాఖలు ఆ ఇళ్లలోకి ప్రవేశించాయి. అధికారులలో అత్యధికులకు ఆ జనుల భాష రాదు, బ్రతుకు తెలియదు. ఒక గదిలో పలువురు నిద్రించడం, నీటి కుళాయి లేకపోవడం, బిడ్డ తల్లి వద్ద కాక అమ్మమ్మ వద్ద పెరగడం వారి దృష్టిలో ‘నిర్లక్ష్యం’. మనుమలను అమ్మమ్మలు, నానమ్మలు పెంచడం మన ఇళ్లలో ఎంత సహజమో ఆ సమాజాలలోనూ అంతే సహజం. పేదరికాన్ని నేరంగా, ఉమ్మడి జీవనాన్ని లోపంగా లెక్కగట్టి పిల్లలను తీసుకువెళ్లారు.

బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఒక్కదాని లెక్క చూసినా సంగతి బోధపడుతుంది. 1951లో అక్కడ ప్రభుత్వ సంరక్షణలో ఉన్న మూలవాసీ పిల్లలు 29 మంది. 1964 నాటికి వారి సంఖ్య 1,466. అంటే సంరక్షణలో ఉన్న ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరికి మించి మూలవాసీ బిడ్డే. సస్కాచెవాన్ రాష్ట్రం 1967లో ఒక ప్రత్యేక దత్తత పథకాన్ని ఆరంభించి, మూలవాసీ, మేటీ పిల్లల ఫోటోలను పత్రికలలో, టెలివిజన్‌లో ప్రకటనలుగా ఇచ్చింది. పిల్లలు ఇతర రాష్ట్రాలకు, అమెరికాకు, సముద్రాల ఆవలకు కూడా చేరారు. 1983లో ప్యాట్రిక్ జాన్‌స్టన్ అనే పరిశోధకుడు ఈ ఉదంతానికి ‘సిక్స్‌టీస్ స్కూప్’ అని పేరు పెట్టాడు. గంపలో గింజలను తోడినట్లు పిల్లలను తోడివేశారని దాని భావం. మానిటోబా రాష్ట్రంలో విచారణ జరిపిన న్యాయమూర్తి ఎడ్విన్ కిమెల్‌మన్ 1985 నాటి తన నివేదికలో దీనిని సాంస్కృతిక జాతి విధ్వంసంగా అభివర్ణించారు. ఇలా దూరమైన పిల్లలు ఇరవై వేలకు పైమాటేనని అంచనా.

కాగితం కట్టిన గోడ

దత్తత ఉత్తర్వు వెలువడిన క్షణం నుండి చట్టం దృష్టిలో ఆ బిడ్డకు కన్నతల్లి ఎవరూ కారు. పెంపుడు తల్లిదండ్రుల పేర్లతో కొత్త జనన ధ్రువపత్రం తయారవుతుంది. పాత పత్రం సీలు వేసిన కవరులోకి వెళుతుంది. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే వారిలో ఒక్కొక్కరిది ఒక్కో ఊరు, ఒక్కో ఇంటిపేరు. దత్తత వెళ్లిన మూలవాసీ పిల్లల వివరాలు రాజధాని ఒట్టావాలోని కేంద్ర శాఖ వద్ద ఒక గోప్య జాబితాలో ఉండేవి. తన పేరు అందులో ఉన్నదన్న సంగతి కూడా తెలియకుండానే ఎందరో పెరిగి పెద్దవారయ్యారు.

ఒంటారియో రాష్ట్రానికి చెందిన మార్షా బ్రౌన్ మార్టెల్ గాథ దీనికి నిదర్శనం. బాల్యంలోనే ఆమెను తన సమాజం నుండి తీసుకువెళ్లి, మూలవాసులు కాని కుటుంబానికి దత్తత ఇచ్చారు. పెద్దయ్యాక తన మూలాలు వెతుక్కుంటూ వెళ్లిన ఆమెకు ఒక విస్తుగొలిపే సంగతి తెలిసింది. ఆమె పుట్టుకతో వచ్చిన పేరుగల వ్యక్తి మరణించినట్లు ప్రభుత్వ దస్త్రాలలో నమోదై ఉంది! బ్రతికి ఉన్న మనిషిని కాగితం మీద చంపివేశారు. తరువాత ఆమె తన సమాజానికి నాయకురాలై, కేంద్ర ప్రభుత్వంపై దావా నడిపింది. 2017 ఫిబ్రవరి 14న ఒంటారియో న్యాయస్థానం ఆ పిల్లల గుర్తింపును కాపాడే బాధ్యతలో ప్రభుత్వం విఫలమైందని తీర్పు చెప్పింది.

ఇలా దత్తత వెళ్లిన స్త్రీ తన కన్నతల్లిని వెతకాలంటే ఎన్ని గడపలు ఎక్కాలో ఆలోచించండి. దత్తత దస్త్రాల కోసం దరఖాస్తు పెట్టాలి. ఏ తెగవారి నమోదు పుస్తకంలో తన పేరుండేదో కనుక్కోవాలి. తాను ఎరుగని భాష మాట్లాడే ఊరికి వెళ్లి, ఫలానా సంవత్సరంలో ఒక ఆడబిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎవరని అడగాలి. తీరా అక్కడి పెద్దలు తలవంచుకుని, మీ అమ్మ పట్నం వెళ్లింది, మరి తిరిగి రాలేదు అని చెబితే, అక్కడితో ఒక అన్వేషణ ముగిసి మరొకటి మొదలవుతుంది.

వెతకని పోలీసులు

కెనడా జాతీయ పోలీసు దళం 2014లో విడుదల చేసిన లెక్కల ప్రకారం, 1980 నుండి 2012 వరకు 1,181 మంది మూలవాసీ స్త్రీలు హత్యకు గురయ్యారు లేదా అదృశ్యమయ్యారు. వీరిలో హతులు 1,017 మంది, జాడ తెలియనివారు 164 మంది. దేశంలోని స్త్రీలలో మూలవాసులు సుమారు 4 శాతమే. కాని హత్యకు గురైన స్త్రీలలో వారి వాటా 16 శాతం. అసలు సంఖ్య ఇంతకన్నా చాలా ఎక్కువని బాధిత కుటుంబాలు చెబుతూనే ఉన్నాయి.

1971 నవంబరులో మానిటోబాలోని ‘ద పా’ పట్టణంలో హెలెన్ బెట్టీ ఆస్బోర్న్ అనే 19 ఏళ్ల క్రీ విద్యార్థినిని నలుగురు శ్వేతజాతి యువకులు అపహరించారు. ఆమె దారుణంగా హత్యకు గురైంది. నేరస్థులెవరో పట్టణంలో పలువురికి తెలుసు. అయినా విచారణ న్యాయస్థానం దాకా రావడానికి 16 ఏళ్లు పట్టింది. శిక్ష పడింది ఒక్కరికే. ఈ ఘోరానికి మూలం జాతి వివక్షేనని 1991లో మానిటోబా న్యాయ విచారణ సంఘం నిర్ధారించింది.

దత్తత తీసుకున్న ఇల్లు ఎంత మంచిదైనా వీధిలోని వివక్ష నుండి బిడ్డను కాపాడలేకపోవచ్చు. వాంకూవర్ నగరానికి చెందిన సారా డి వ్రీస్ మూలవాసీ, నల్లజాతి రక్త సంబంధాలున్న బిడ్డ. పదకొండు నెలల పసిపాపగా చదువుకున్న శ్వేతజాతి కుటుంబంలోకి వచ్చింది. ఆ ఇంట్లో ప్రేమకు కొదువ లేదు. కాని తనలాంటి ముఖం ఆ పరిసరాలలో మరొకటి కనిపించని ఒంటరితనంలో, బడిలో ఎదురైన అవమానాల నడుమ ఆమె పెరిగింది. క్రమంగా దారి తప్పి, నగరంలోని నిరుపేదల వాడకు చేరింది. 1998 ఏప్రిల్‌లో అదృశ్యమైంది. అక్క మ్యాగీ ఆమె కోసం వెతికింది, తరువాత ఆమె జీవితంపై ఒక పుస్తకం రాసింది.

ఆ వాడ నుండి పదుల సంఖ్యలో స్త్రీలు మాయమవుతున్నా పోలీసులు చాలాకాలం చలించలేదు. రాబర్ట్ పిక్టన్ అనే పందుల పెంపకందారుడి చేతిలో కత్తిపోట్లు తిని ఒక స్త్రీ 1997లో తప్పించుకుని బయటపడింది. కాని అతనిపై పెట్టిన హత్యాయత్నం కేసును 1998 జనవరిలో నిలిపివేశారు. సారా అదృశ్యమైంది ఆ తరువాత మూడు నెలలకే. 2002లో అతని పొలంలో సోదాలు జరిగినప్పుడు దొరికిన ఆనవాళ్లలో సారావి కూడా ఉన్నాయి. అతడు 2007లో ఆరుగురు స్త్రీల హత్య కేసుల్లో దోషిగా తేలాడు. సారా హత్యతో సహా మిగిలిన అభియోగాలు విచారణకే రాలేదు. ఈ వైఫల్యంపై విచారణ జరిపిన వాలీ ఒపల్, పోలీసు వ్యవస్థలో ఆ స్త్రీల పట్ల వేళ్లూనుకున్న పక్షపాతం ఉందని 2012లో తేల్చి చెప్పారు.

చదువు, పలుకుబడి గల కుటుంబం వెంటపడినా సారా జాడకు నాలుగేళ్లు పట్టింది. మరి పిల్లలందరినీ ప్రభుత్వం తీసుకువెళ్లగా ఏకాకిగా మిగిలిన తల్లి కోసం ఎవరు వెంటపడగలరు?

నెత్తురే సాక్ష్యం

2018లో కెనడా, అదృశ్యమైనవారి కోసం జాతీయ డీఎన్ఏ కార్యక్రమాన్ని ప్రారంభించింది. గుర్తు తెలియని అవశేషాలను రక్త సంబంధీకులు ఇచ్చే నమూనాలతో పోల్చి చూస్తారు. ఇందులోని వైపరీత్యం గమనించదగినది. ఏ రక్తబంధాన్ని ప్రభుత్వం ఒకనాడు కాగితం మీద కొట్టివేసిందో, ఆ రక్తమే నేడు సాక్ష్యంగా కావలసి వచ్చింది. చట్టం పరాయిదాన్ని చేసిన కూతురే తల్లిని గుర్తించగలిగిన మనిషి అయింది.

కూతుళ్లు పట్టుబడితే ఏమి జరుగుతుందో విన్నిపెగ్ నగరం చూపింది. హత్యకు గురైన ఇద్దరు మూలవాసీ స్త్రీల దేహాలు నగర శివారులోని చెత్త డంపులో ఉన్నాయని భావించినా, అక్కడ వెతకడం సాధ్యం కాదని 2022 డిసెంబరులో పోలీసులు ప్రకటించారు. కుటుంబాలు, ముఖ్యంగా ఆ తల్లుల బిడ్డలు, ఊరుకోలేదు. నిరసన శిబిరాలు వేశారు. పార్లమెంటు దాకా వెళ్లారు. ప్రభుత్వం మారింది, అన్వేషణ మొదలైంది. 2025 మార్చిలో ఆ ఇద్దరి అవశేషాలనూ గుర్తించారు. సాధ్యం కానిదన్న పని, బిడ్డలు అడగగా అడగగా సాధ్యమైంది.

అదృశ్యమైన, హతులైన మూలవాసీ స్త్రీల విషయమై ఏర్పడిన జాతీయ విచారణ సంఘం 2019 జూన్ 3న తుది నివేదిక సమర్పించింది. దానిలో 231 సూచనలున్నాయి. దత్తత బాధితులకు 2017 ఒప్పందం కింద ఒక్కొక్కరికి 25 వేల డాలర్ల పరిహారం దక్కింది. మేటీ బిడ్డలకు అందులో చోటు దొరకలేదు. ఇక వర్తమానం చూస్తే, 2021 జనాభా లెక్కల ప్రకారం పదిహేనేళ్లలోపు పిల్లలలో మూలవాసులు 7.7 శాతమే. కాని ప్రభుత్వ ఏర్పాటుపై పరాయి ఇళ్లలో పెరుగుతున్న పిల్లలలో వారు 53.8 శాతం. శిశు సంక్షేమ అధికారాన్ని తిరిగి ఆ సమాజాలకే అప్పగించే చట్టం 2020 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

వంశనామం ఒక హక్కు

బిడ్డను పెంచడం వేరు, బిడ్డ వంశాన్ని చెరిపివేయడం వేరు. ఈ భేదాన్ని ఇస్లాం పద్నాలుగు శతాబ్దాల క్రితమే స్పష్టం చేసింది. హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) బాల్యంలో అపహరణకు గురై, అంగడిలో అమ్ముడుపోయి, చివరకు మహాప్రవక్త ముహమ్మద్ (స) ఇంటికి చేరారు. తండ్రి హారిసా కొడుకు కోసం వెతుకుతూ మక్కా వచ్చారు. ప్రవక్త (స) నిర్ణయాన్ని జైద్‌కే విడిచిపెట్టారు. ఆయన ప్రవక్త (స) వద్ద ఉండడానికే ఇష్టపడ్డారు. ఆనాటి నుండి జనం ఆయనను ‘జైద్ బిన్ ముహమ్మద్’ అని పిలిచేవారు. అహ్‌జాబ్ సూరాలోని ఆదేశం అవతరించాక ఆయన తిరిగి ‘జైద్ బిన్ హారిసా’ అయ్యారు. పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవాలన్నది ఆ ఆదేశ సారాంశం. పేరు మారినంత మాత్రాన ప్రవక్త (స) ప్రేమ తరగలేదు. అనాథను ఆదరించే వారికి ఉన్న ఉన్నత స్థానమూ తరగలేదు.

ఈ సంగతి మన ప్రాంతానికీ దూరమైనది కాదు. 1999లోను, 2001లోను హైదరాబాదులో బయటపడిన దత్తత అక్రమాలలో పేద లంబాడా తండాల ఆడశిశువులు కొద్దిపాటి సొమ్ముకు చేతులు మారి, విదేశీ దత్తతల దాకా వెళ్లిన తీరు వెల్లడైంది. ఆ పసికందులు నేడు యువతులు. వారిలో ఎవరైనా ఒకనాడు అమ్మ ఎక్కడని అడగవచ్చు. ఆనాడు చూపడానికి ఒక కాగితమైనా మిగిలి ఉండాలి.

కనుక అనాథ బిడ్డను అక్కున చేర్చుకున్న కుటుంబాలు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. బిడ్డ పుట్టిన ఊరు, ఆసుపత్రి, తల్లిదండ్రుల పేర్లు తెలిసినంతవరకు రాసి భద్రపరచండి. వయసుకు తగిన మాటలలో నిజం చెప్పండి. అది బయటివారి నోట వినవలసిన అవసరం బిడ్డకు కలగనీయకండి. మన దేశపు దత్తత నిబంధనలు కూడా పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డకు తన మూలాలను వెతుక్కునే వీలు కల్పిస్తున్నాయి. తనను కన్నవారి పేరు తెలుసుకోవడం బిడ్డ హక్కు. దానిని బిడ్డ పెద్దయ్యే వరకు పదిలపరచడం పెంచినవారి చేతిలో ఉన్న అమానతు.