డిస్కులో ఉందిగా అన్న ధీమా: అపోహలు – వాస్తవాలు

కంప్యూటర్ ఆన్ కాని రోజున బీరువాలో దాచిన పాత సీడీలు, డీవీడీలు గుర్తొస్తాయి. ఫొటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు, చిన్న ఆఫీసులు ఏళ్ల తరబడి పనినంతా వాటిలోనే దాచుకున్నాయి. తీరా అవసరం పడ్డాక అవి మొరాయిస్తే, పోయిన డేటాకు తోడు తప్పుడు నమ్మకాలు ఇంకాస్త నష్టం చేస్తాయి.

అపోహ: లాప్‌టాప్‌తో వచ్చిన రికవరీ డిస్కు పెడితే ఫైళ్లన్నీ తిరిగొస్తాయి.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. రికవరీ డిస్కులో ఉండేది విండోస్, కంపెనీ వేసిన ప్రోగ్రాములు మాత్రమే. చాలా రికవరీ డిస్కులు సీ డ్రైవ్‌ను తుడిచేసి, కొన్ననాటి స్థితికి తెస్తాయి. డెస్క్‌టాప్ మీద పెట్టినవి, డౌన్‌లోడ్లు, డాక్యుమెంట్లు మామూలుగా ఉండేది ఆ డ్రైవ్‌లోనే. కాబట్టి ముందు హార్డ్‌డిస్కు విప్పించి, వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు కాపీ చేసుకోండి. రికవరీ సంగతి ఆ తర్వాతే.

అపోహ: రైటింగ్ నూరు శాతం పూర్తయింది కాబట్టి బ్యాకప్ భద్రం.

వాస్తవం: రాయడం ముగిసిందనడానికే అది గుర్తు. రాసింది తిరిగి చదవగలమా అన్నది చూసేది ‘వెరిఫై’. ఆలస్యమవుతుందని చాలామంది దాన్నే తీసేస్తారు. పరీక్షించని బ్యాకప్ ఎలా మోసం చేస్తుందో ఒక ఉదాహరణ: 2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను తుడిచేశారు. అక్కడున్న ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ నమ్మకంగా పనిచేయలేదని అప్పుడు బయటపడింది. రోజూ జరగాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల విఫలమవుతున్నా, హెచ్చరిక మెయిళ్లు ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక కాపీ ఉండబట్టి, ఆ ఆరు గంటల డేటా తప్ప మిగతాది దక్కింది. అంతటి సాంకేతిక సంస్థకే ఇలా జరిగిందంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

అపోహ: మెరిసే వైపు గీతలు పడకపోతే చాలు.

వాస్తవం: సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. డేటా ఉండే పొర మాత్రం పేరు రాసుకునే వైపున, పల్చటి పూత కిందే ఉంటుంది. మెరిసే వైపు పడ్డ చిన్న గీతను పాలిష్ చేసి సరిచేయవచ్చు. పైవైపు బాల్‌పెన్నుతో గట్టిగా రాసినా, అతికించిన స్టిక్కర్ పీకినా డేటా పొరే లేచిపోవచ్చు. డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్య ఉంటుంది కనుక కొంత నయం. ఇంట్లో రాసుకునే డిస్కుల్లో డేటా నిలిచేది ఎక్కువగా రంగు పొర మీదే. ఎండ, వేడి, తేమ దాన్ని పాడుచేస్తాయి. మన వేసవిలో కారు డాష్‌బోర్డు మీద డిస్కు వదిలేయడమంటే డేటాను వదులుకోవడమే.

అపోహ: ఐదు డిస్కుల బ్యాకప్‌లో ఒకటి పాడైతే ఐదో వంతే పోతుంది.

వాస్తవం: ఫోల్డర్లు విడివిడిగా కాపీ చేసుంటేనే ఆ మాట నిజం. కుదించి ముక్కలుగా రాసిన సెట్‌లో ఒక్క డిస్కు చదవకపోయినా మొత్తం తెరుచుకోకపోవచ్చు.

అపోహ: ఫైలు కాపీ అయిందంటే తెరుచుకున్నట్టే.

వాస్తవం: విండోస్ ఎక్స్‌పీలో తీసిన బ్యాకప్ ఫైలును తర్వాతి విండోస్‌లు నేరుగా తెరవవు. దానికి వేరే టూల్ కావాలి. తెలుగు డీటీపీ వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకం భద్రంగానే దొరుకుతుంది, కానీ ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అక్షరాలు అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. ఫైలుతో పాటు ఫాంట్లు, ఒక పీడీఎఫ్ కూడా దాచి ఉంటే ఈ అవస్థ ఉండదు.

అపోహ: డిస్కు చదవకపోతే ఇక ఆశ లేదు.

వాస్తవం: మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవద్దు. వేరే డ్రైవ్‌లలో పెట్టి చూడండి. ఫైనలైజ్ చేయని (రాయడం పూర్తిగా ముగించి మూసేయని) డిస్కును, రాసిన డ్రైవే చదవగలిగిన సందర్భాలున్నాయి. లినక్స్‌లో ఉచితంగా దొరికే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము చదవగలిగిన భాగాలను ముందు తీసేసుకుని, మొండికేసిన చోట్లను మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఈ ఆదివారం మీ డిస్కుల్లో అన్నిటికన్నా పాతదాన్ని తీసి, రాసిన కంప్యూటర్‌లో కాక మరోదానిలో పెట్టండి. ఒక ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటే అదే రోజు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి మార్చుకుని, ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంచండి.