ట్యాబ్‌లో కనిపిస్తే ఫైల్ ఉన్నట్టేనా?

నర్సీపట్నంలో సాయంత్రాలు పిల్లలకు పైథాన్ నేర్పుతుంటాను. కొయ్యూరు, చింతపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్నవాళ్లూ ఉన్నారు. లూపులూ ఫంక్షన్లూ నాలుగు రోజుల్లో పట్టేస్తారు. రాసిన ప్రోగ్రామ్ ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియకే ఎక్కువ ఇబ్బంది పడతారు.

అపోహ: తెర మీద ఉందంటే కంప్యూటర్లో ఉన్నట్టే.

వాస్తవం: పేరు పెట్టి సేవ్ చేసేదాకా ఆ అక్షరాలు ఉండేది మెమరీలోనే. ఒకమ్మాయి హాజరు శాతం లెక్కగట్టే ప్రోగ్రామ్‌ను ఐడిల్ అనే ఎడిటర్లో రెండు గంటలు కూర్చుని రాసింది. విండో పైన ‘అన్‌టైటిల్డ్’ అనే ఉంది. అంతా అయ్యాక ఒకేసారి నడుపుదామనుకుంది. ఈలోగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక ఖాళీ తెర చూపిస్తూ, “ఇందాక ఇక్కడే ఉంది సార్” అంది. ఆ గొంతు నాకింకా గుర్తే. ఐడిల్ తనంతట తాను నకలు దాచదు. మధ్యలో ఒక్కసారి నడపడానికి ఎఫ్5 నొక్కి ఉంటే, ముందు సేవ్ చేయమని అదే అడిగేది, పని దక్కేది. అందుకే మొదటి లైను రాయకముందే పేరు పెట్టమని పోరుతుంటాను.

అపోహ: ఏ ఎడిటరైనా అంతే.

వాస్తవం: కాదు. వీఎస్ కోడ్ సేవ్ చేయని ట్యాబ్‌లను కూడా ‘బ్యాకప్స్’ అనే తన సొంత ఫోల్డర్లో దాస్తుంది. కరెంటు పోయినా మళ్లీ తెరిస్తే చాలావరకు దొరుకుతాయి. కానీ ట్యాబ్ మూసేటప్పుడు ‘డోంట్ సేవ్’ నొక్కితే ఆ నకలూ పోతుంది. ట్యాబ్ మీద గుండ్రటి చుక్క ఉందంటే ఇంకా సేవ్ కానట్టే. విమ్ అయితే 200 అక్షరాలు కొట్టగానే, లేదా 4 సెకన్లు చెయ్యి ఆగితే, స్వాప్ ఫైల్లో రాసుకుంటుంది. ఆ ‘డాట్ ఎస్‌డబ్ల్యూపీ’ ఫైల్‌ను చెత్త అనుకుని చెరిపేసేవాళ్లు, కరెంటు పోయిన రోజు తమను ఆదుకునేదాన్ని చెరుపుకొంటున్నట్టే.

అపోహ: ‘టెంప్‌కోడ్‌రన్నర్‌ఫైల్’ వైరస్.

వాస్తవం: వీఎస్ కోడ్‌లో కోడ్ రన్నర్ ఎక్స్‌టెన్షన్ వేసుకున్నవాళ్లకు ఇది కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో కొంత ముక్క ఎంచుకుని నడిపితే, ఆ ముక్కను ఈ తాత్కాలిక ఫైల్లోకి రాసి నడుపుతుంది. చెరిపేసినా నష్టం లేదు. దాన్నే అసలు ప్రోగ్రామ్ అనుకుని దిద్దడం మాత్రం ప్రమాదం, తర్వాతిసారి నడపగానే దాని మీద కొత్త ముక్క రాసేస్తుంది.

అపోహ: పేరు ఏదైతేనేం?

వాస్తవం: బొమ్మ గీసే పాఠం రోజు కనీసం ఇద్దరు తమ ఫైల్‌కు ‘టర్టిల్.పీవై’ అని పేరు పెడతారు. ఎర్రర్ వస్తుంది. ‘ఇంపోర్ట్ టర్టిల్’ అనగానే పైథాన్ ముందుగా వెతికేది ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్లోనే. అక్కడ ఆ పేరుతో పిల్లవాడి ఫైలే దొరుకుతుంది, బొమ్మలు గీసే అసలు టర్టిల్ మాడ్యూల్ దాకా వెళ్లదు. ‘ర్యాండమ్.పీవై’ అన్నా ఇదే తంటా. పైథాన్ 3.13 నుంచి మాత్రం ఎర్రర్‌లోనే పేరు మార్చుకోమని సూచిస్తోంది, నాకది పెద్ద ఊరట.

అపోహ: తెలుగులో పేరు పెడితే నడవదు.

వాస్తవం: పైథాన్ 3లో శుభ్రంగా నడుస్తుంది. వాళ్లమ్మ చీటీ లెక్కల కోసం ఒకబ్బాయి ‘చీటీ.పీవై’ రాశాడు. లోపల వేరియబుళ్లు కూడా ‘వాయిదా’, ‘బాకీ’ అనే ఉన్నాయి. వాళ్లమ్మ పక్కన కూర్చుని చదవగలిగింది. ఒక్క జాగ్రత్త: ప్రోగ్రామ్ నుంచి తెలుగు రాతలున్న ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పాలి. చెప్పకపోతే విండోస్‌లో చాలాసార్లు ‘బాకీ’ బదులు పిచ్చిగీతలు వస్తాయి.