వేసవిలో పుచ్చపండు పానకము

వేసవి ముదిరి పుచ్చకాయలన్నియు నొక్కమాఱు సంతకు వచ్చినప్పుడు వెల పడిపోవును. చిన్నకాయలను, వంకరకాయలను వర్తకుడు త్రోసివేయును. రైతు వానిని పశువులకు వేయుట మేమెఱుంగుదుము. ఆ నష్టమును కొంత యింటనే పూడ్చుకొనవచ్చును.

పుచ్చపండునందు నూటికి సుమారు 92 పాళ్లు నీరే. పండును కోయకముందు రాత్రియంతయు తడిగోనె చుట్టి, గాలి తగులుచోట నుంచిన చల్లబడును, మంచుగడ్డతో పనిలేదు. ఉదయమున గింజలు తీసి, ఎఱ్ఱని గుజ్జును చిదిమి, పలుచని శుభ్రమైన గుడ్డతో వడియగట్టి, నిమ్మరసము, చిటికెడు ఉప్పు, కొంచెము బెల్లము కలుపవలెను. వెంటనే త్రాగవలెను, కోసిన పండును నిలువ యుంచరాదు, ఈగలు వ్రాలిన ముక్క రోగమునకు మూలము.

తొక్కకడనుండు తెల్లని భాగము కూరకు పనికివచ్చును. గింజల నెండబెట్టి వేయించుకొనవచ్చును.

సభ్యులారా! ఎండలో శ్రమించు కూలివారికి ముందుగా నీ పానక మిండు. అమ్ముడుపోని కాయయు నప్పుడు వ్యర్థము కాదు.