ఎనిమిది గంటలు మిల్లుకు, మిగిలినవి మాకు



జూన్ నెల మూడో ఆదివారం వస్తే మా మనవరాలు సెల్‌ఫోను పట్టుకొచ్చి, "తాతా, ఈరోజు నాన్నల పండుగ" అంటుంది. ఇది మన పెద్దలు చేసిన పండుగ కాదు. అయినా అది పుట్టిన కథ విన్నాక నాకు దాని మీద గౌరవం కలిగింది. అమెరికాలో స్పోకేన్ అని ఒక ఊరు. అక్కడ సొనోరా స్మార్ట్ డాడ్ అనే ఆమె తల్లి చనిపోతే, ఆమెనూ ఐదుగురు తమ్ముళ్లనూ తండ్రే సాకినాడు. తల్లులకు ఒక రోజు ఉన్నట్టే ఇట్లాంటి తండ్రులకూ ఉండాలని ఆమె పట్టుబట్టింది. 1910 జూన్ 19న ఆ ఊళ్లో మొదటిసారి జరిగింది. దానికి అక్కడి సర్కారు చట్టం చేసేసరికి 1972 అయింది.

పిల్లల్ని సాకిన తండ్రులు మన లైనిళ్లలోనూ తక్కువ లేరు. మా నాయన అందులో ఒకడు. ఆయన పోయి ఇరవై ఏండ్లు దాటింది.

నాయన మొదట కార్డింగులో, తర్వాత స్పిన్నింగులో పనిచేసినాడు. అమ్మ రీలింగులో. మిల్లులో మూడు షిఫ్టులు: పగలు, అర నైటు, ఫుల్ నైటు. ఆడవాళ్లకు రాత్రి పని చట్టంలో లేదు గనక అమ్మ ఎప్పుడూ పగలే పోయేది. నాయన షిఫ్టు మాత్రం మారుతా ఉండేది. ఇంట్లో గడియారం లేదు. మిల్లు సంగు ఊదితే అదే మాకు టైము.

నాయనకు ఫుల్ నైటు వచ్చిన వారాలు మాకు పండుగే. తెల్లారి ఆయన తలనిండా పత్తి దూదితో ఇంటికొస్తే, అమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకుని బయలుదేరేది. వాకిట్లోనే ఇద్దరూ రెండు మాటలు మాట్లాడుకునేవాళ్లు. కూర ఎక్కడుంది, చిన్నోడికి జొరం తగ్గిందా, అంతే. ఆ తర్వాత ఇల్లంతా నాయనది. రాగి సంగటి కెలికి ముద్దలు చేసేవాడు. మా ముగ్గురికీ నీళ్లు పోసేవాడు. అక్కకు రెండు జడలు వేసి రిబ్బన్ కట్టేవాడు. తెగిన నూలు అతికించే వేళ్లు గదా, ఒక్క వెంట్రుక బయటికి రాకుండా అల్లేవాడు. "మీ అమ్మ వేసిన జడ సాయంత్రానికి ఊడుతుందే, నాయన వేసింది రేపటిదాకా ఉంటుంది" అని అక్క స్నేహితురాళ్లు అనేవాళ్లు. మమ్మల్ని బడిలో వదిలిపెట్టి వచ్చినాకే ఆయన పడుకునేది.

బడిలో అరవం. ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు నాకు నాయనే నేర్పినాడు, మిల్లు నుంచి తెచ్చిన కోను అట్టల మీద బొగ్గుతో రాసి. నేను అయిదో తరగతి దాటలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆ అట్టల చదువే.

ఇప్పుడు ఆలోచిస్తే, నాయన మంచితనం ఒక్కటే చాలలేదు. ఆయనకు టైము ఉండింది. ఆ టైము ఎక్కడిది?

కోయంబత్తూరులో మొదటి మిల్లు 1888లో స్టేన్స్ దొర పెట్టినాడు. మదురలో రైలు స్టేషను పక్కన హార్వీ దొరల మిల్లు వచ్చింది. 1930ల మొదట్లో పైకారా కరెంటు వచ్చినాక ఈ ప్రాంతంలో మిల్లులు వరుసగా లేచినాయి. నాయకరాజుల కాలం నుంచీ ఈ సీమలో ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో సేద్యం, కూలి వదిలి మిల్లు గేటు పట్టినాయి. మా తాత అట్లా వచ్చినవాడే. ఆయన కాలంలో చట్టం ప్రకారమే రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు పని చేయించవచ్చు. "మీ తాత ముఖం నేను పగటిపూట చూసింది తక్కువరా. దీపం వెలుగులోనే ఎక్కువ చూసినా" అనేవాడు నాయన.

1946లో ఆ 54ను 48కి తగ్గించినారు. 1948 ఫ్యాక్టరీ చట్టంలో దాన్ని గట్టిగా రాసినారు. ఆ 48 గంటలు ఎవరో దయతో ఇచ్చినవి కావు. సంఘాలు పెట్టి, సమ్మెలు చేసి, జైళ్లకు పోయిన కాలం అది. చిన్నియంపాళయం కార్మికులు నలుగురిని 1946 జనవరి 8న కోయంబత్తూరు జైల్లో ఉరి తీసింది ఆ కాలంలోనే. తాతకు దొరకని గంటలు నాయనకు దొరికినాయి. నాయన వాటిని మాకు పెట్టినాడు.

మిల్లు తీసుకున్నదీ ఉంది. లీవు రోజు బాగానే ఉండేవాడు. మర్నాడు పనికి పోయి వస్తే రొమ్ము బిగుసుకుని దగ్గేవాడు. పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే జబ్బు గుర్తు అదేనట. లీవు తర్వాత మొదటి రోజు ఎక్కువగా ఉంటుంది, ఏండ్లు గడిస్తే రోజూ ఉంటుంది. బిస్సినోసిస్ అంటారు. చట్టంలో పనివల్ల వచ్చే జబ్బుల పట్టికలో అదీ ఉంది. మీ ఇంట్లో అట్లా దగ్గేవాళ్లుంటే, బీడీ దగ్గు అని వదిలేయకుండా, ఏ ఖాతాలో ఎన్నేండ్లు పనిచేసినారో డాక్టరుకు చెప్పండి.

నాయన పోయిన రోజు అక్క మదుర నుంచి రాత్రి బస్సులో వచ్చింది. బావదీ అక్కడ మిల్లు పనే. అక్క ఏడ్వలేదు. నాయన చేతులు రెండూ తన ఒళ్లో పెట్టుకుని, "ఈ చేతులు నాకు జడ వేసినాయి" అనింది. అంతే అనింది. చుట్టూ ఉన్న మగవాళ్లందరూ తల వంచుకున్నారు.

నా కొడుకు తిరుప్పూరులో బనియన్ కంపెనీలో ఉన్నాడు. అక్కడ ఒకటిన్నర షిఫ్టు అంటారు. అంటే 12 గంటలు, పోను రాను బస్సు వేరే. వాడు ఇంటికొచ్చేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది. పాదాలు నిమిరి, దుప్పటి కప్పి వస్తాడు. వాడి ప్రేమ మా నాయన ప్రేమ కంటే ఏం తక్కువ? వాడికి లేనిది గంటలే. మా తాత కాలం మళ్లీ వచ్చినట్టుంది.

రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటిన పనికి రెండింతల కూలి ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీ చట్టంలో ఉండింది. 2023 ఏప్రిల్‌లో రోజుకు 12 గంటల పనికి దారి తెరిచే బిల్లు మన రాష్ట్ర శాసనసభలో పాసయింది. సంఘాలన్నీ ఒక్కటిగా లేచినాయి. మే డే నాడు దాన్ని వెనక్కి తీసుకున్నట్టు ముఖ్యమంత్రి చెప్పినారు. ఆ వార్త విన్న రోజు నాకు యూనియన్ జెండా కంటే ముందు అక్క జడలే గుర్తొచ్చినాయి.

నాన్నల పండుగకు పిల్లలు కేకు కోసినా, కొత్త చొక్కా కొనిచ్చినా మంచిదే. వయసు పిల్లలకు మాత్రం నా మాట ఒకటి: ఓవర్‌టైముకు పేరు ఇచ్చే ముందు బిడ్డ నిద్రపోయే టైము ఎంతో ఒకసారి చూసుకోండి. తప్పకపోతే చేయండి, రెండింతల కూలి అడిగి తీసుకోండి. లీవు రోజున మాత్రం బిడ్డ తల మీరే దువ్వండి. మొదట వంకర పాపిడి వస్తుంది. చేయంగా చేయంగా కుదురుతుంది.